టెక్సాస్ బార్బెక్యూ: గులాబీరంగును చూసి తీర్పు చెప్పకండి

డాలస్‌లో మా అబ్బాయి మమ్మల్ని తొలిసారి బార్బెక్యూ హోటలుకు తీసుకువెళ్ళినప్పుడు, బ్రిస్కెట్ ముక్క అంచున గులాబీరంగు చార చూసి, "ఇది పచ్చిమాంసం కదండీ!" అని నా శ్రీమతి పళ్ళెం దూరంగా జరిపింది. పిల్లల వద్దకు వెళ్ళే మీకూ ఈ సందేహం కలుగవచ్చు.

అది పచ్చిదనం కాదు. కట్టెల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులు మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగును నిలుపుతాయి. అయితే ఆ చారను నాణ్యతకు ముద్రగా భావించేవారితోనూ నేను ఏకీభవించను. దానికీ రుచికీ సంబంధం లేదు. నైట్రైట్ ఉప్పు రుద్దినా అదే రంగు వస్తుంది.

బ్రిస్కెట్ పశువు రొమ్ముభాగపు కండ. శరీరభారాన్ని మోసేది కనుక అందులో కొలాజెన్ అధికం. సన్నని సెగపై పది, పన్నెండు గంటలు ఉండి, ముక్క లోపలి వేడి 90 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని అది పూర్తిగా జెలటిన్‌గా మారదు. వంటవాడు తొందరపడితే మీ పళ్ళకే శ్రమ. ముక్కను ఒక కొసన పట్టుకొని ఎత్తి చూడండి. తన బరువుకే తెగిపోతే మితిమీరి ఉడికినట్లు; గట్టిగా లాగినా తెగకపోతే ఉడకనట్లు. కొద్దిగా లాగగానే విడివడాలి.

తొలి ముక్కను సాస్ లేకుండా తినండి. మధ్య టెక్సాస్ పద్ధతిలో ప్రధానంగా ఉప్పు, మిరియాలు, ఓక్ కట్టెల పొగ, అంతే. నాలుకపై చేదు నిలిస్తే కట్టె సరిగా మండలేదన్నమాట. ఒకచోట మాంసం గోరువెచ్చగా ఉందని చెబితే, పాపం, మరో గిన్నెడు సాస్ తెచ్చిపెట్టారు! వడ్డించేవరకు మాంసం కనీసం 57 డిగ్రీల వేడిలో ఉండాలి. లేకుంటే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మధ్యాహ్నానికే సరుకు అయిపోయి తలుపులు మూసే దుకాణాలంటే నాకు గౌరవం అందుకే.

రుచిగా ఉన్నది ఆరోగ్యకరమని మాత్రం అనను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో సాసేజ్ వంటి శుద్ధిచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకంగా, ఎర్రమాంసాన్ని బహుశా కారకంగా వర్గీకరించింది. రక్తపోటు ఉన్నవారు పైపొరలోని ఉప్పును, మధుమేహం ఉన్నవారు సాస్‌లోని చక్కెరను మరువరాదు. కోయించుకునేటప్పుడు "లీన్" అని అడిగితే కొవ్వు తక్కువున్న భాగం ఇస్తారు. నేను రెండు ముక్కలతో ఆపుతాను. బీఫ్ తినని నా శ్రీమతి ఇప్పుడు పొగలో ఉడికించిన టర్కీ తెప్పించుకుంటుంది, అంచున గులాబీరంగు ఉన్నా సరే.