కొత్త టైర్లు వెనక్కే

కారుకు రెండు టైర్లు అరిగిపోయాయి. నాలుగూ మార్చే డబ్బు ఇప్పుడు చేతిలో లేదు కాబట్టి రెండే కొన్నారు. ఆ రెండూ ముందు వేయాలా, వెనక వేయాలా? మన ఊళ్లలో చాలా టైర్ల షాపుల్లో ఈ ప్రశ్నే రాదు. కారు జాకీ మీదికి లేస్తుంది, అరిగిన ముందు టైర్లు ఊడతాయి, ఆ స్థానంలోనే కొత్తవి బిగిస్తారు. కొన్నవారు కూడా తృప్తిగా ఇంటికి వెళ్తారు. ఆ పని తప్పు. కారుకు రెండే కొత్త టైర్లు వేస్తున్నప్పుడు అవి వెనక్కి పోవాలి. వెనక ఉన్నవి ముందుకు రావాలి.

ముందు వేయాలనేవారి వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. ఇంజను, గేరుబాక్సు కూడా ముందే ఉంటాయి. బండిని లాగేది ముందు టైర్లు, తిప్పేవీ అవే, బ్రేకు తొక్కితే ఎక్కువ బరువు పడేదీ వాటి మీదే. అందుకే వెనకవాటికంటే చాలా త్వరగా అరుగుతాయి. ఇంత చాకిరీ చేసేవాటికే కదా మంచి టైరు ఉండాల్సింది అంటే న్యాయంగానే తోస్తుంది. పొడి రోడ్డు మీద తేడా కూడా పెద్దగా తెలియదు. చిక్కంతా వానలోనే.

టైరు గాళ్ల ముఖ్యమైన పని నీళ్లను పక్కకు తోసేయడం. కొత్త కారు టైరులో గాడి లోతు 7, 8 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అది 2, 3కు దిగేసరికి నీళ్లు పోయే దారి చాలదు. వేగం పెరిగితే రోడ్డుకూ రబ్బరుకూ మధ్య నీటిపొర చేరి టైరు తేలుతుంది. 1960లలో నాసా పరిశోధకులు విమానాల టైర్ల మీద పనిచేస్తూ దీనికి ఒక సూత్రం కట్టారు. టైరులో గాలి ఎంత తక్కువైతే అంత తక్కువ వేగానికే అది తేలుతుంది. మనం కార్లలో పెట్టే 33 పీఎస్ఐ గాలికి, గాళ్ల లోతును మించి నీళ్లు నిలిచినచోట, ఆ సూత్రం చెప్పే వేగం గంటకు సుమారు 95 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వరకు అనుమతి ఉంది. విజయవాడ హైవే మీద జోరువానలోనూ వంద తగ్గకుండా దూసుకుపోయే కార్లను రోజూ చూస్తూనే ఉన్నాం.

అలాంటి వానలో ఒక మలుపు వచ్చిందనుకోండి. కొత్త టైర్లు ముందున్నాయి, అరిగినవి వెనక. ముందు చక్రాలు నీళ్లను చీల్చుకుంటూ చక్కగా తిరుగుతాయి. స్టీరింగ్ చేతికి గట్టిగా తగులుతుంది కాబట్టి నడిపేవారికి అనుమానమే రాదు. వెనక ఏం జరుగుతోందో స్టీరింగ్ చెప్పదు. వెనక టైర్లు తేలిన మరుక్షణం కారు వెనక భాగం పక్కకు కొడుతుంది. కంగారులో ఎవరైనా చేసే పని యాక్సిలరేటర్ మీది కాలు తీసి బ్రేకు తొక్కడం. దాంతో బరువంతా ముందుకు వాలి, అసలే తేలికైన వెనక భాగం ఇంకా తేలికవుతుంది. కారు గిర్రున తిరిగి డివైడరు మీదికో, పక్క లారీ మీదికో అడ్డంగా పోతుంది. అప్పుడు మనిషికీ ఆ లారీకీ మధ్య ఉండేది పలచని పక్క తలుపు ఒక్కటే.

కొత్తవి వెనకుంటే ముందుగా పట్టు తప్పేవి ముందు టైర్లు. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది, కారు తిరగాల్సినంత తిరగకుండా తిన్నగా పోబోతుంది. ప్రమాదం ఉందని చేతికే తెలిసిపోతుంది. భయపడి కాలు తీస్తారు. వేగం తగ్గుతుంది, బరువు ముందుకు వస్తుంది, టైరు మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది. మొదటి సందర్భంలో ముప్పు పెంచిన కంగారే ఇక్కడ మనిషిని కాపాడుతుంది. మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీలు తడిపిన ట్రాకుల మీద కార్లు నడిపి ఈ తేడాను కళ్లకు కట్టినట్టు చూపించాయి. వెనక భాగం కొట్టినప్పుడు స్టీరింగును ఆ దిశకే తిప్పి అదుపు చేయడం సాధన ఉన్నవారు చేయగల పని. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుపతి వెళ్లే మనిషికి ఆ సాధన ఎక్కడిది? 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయిన ఏబీఎస్, బ్రేకు పడినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. నీళ్ల మీద తేలిన టైరుకు అది పట్టు తెచ్చిపెట్టలేదు.

ఆర్టీసీ బస్సులకు కొత్త టైర్లు ముందే వేస్తారు, రీబటన్ చేసినవి వెనక్కి పోతాయి, అది తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు. బస్సుకైనా లారీకైనా ముందు పక్కకొకటే టైరు. వెనక పక్కకు రెండేసి. వెనక ఒకటి పేలినా దాని జోడీది బరువు మోస్తుంది. ముందుది పేలితే ఆదుకోవడానికి రెండోది లేదు. కారుకు వెనకా పక్కకొకటే కాబట్టి ఆ లెక్క ఇక్కడ కుదరదు. మన టైరు మెకానిక్కుల్లో లారీల దగ్గర పని నేర్చుకున్నవారు ఎక్కువ. అక్కడి సూత్రమే కార్ల దగ్గరికి వచ్చి స్థిరపడిందని నా అనుమానం.

కారులో ముందు టైరు పేలితే మాత్రం? స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, గట్టిగా పట్టుకుని మెల్లగా ఆపుకోవచ్చు. వెనకది పేలితే ఆ చివరి అదుపు కూడా మన చేతిలో ఉండదు. ఎండాకాలం హైవేల మీద టైర్లు పేలడానికి పెద్ద కారణం గాలి తక్కువై వేడెక్కడం. దానికి చేయాల్సింది వారం పది రోజులకొకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోవడం.

గుండు టైర్లను ముందుకు నెట్టి తిరగమని నేను చెప్పడం లేదు. కార్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధన. గాళ్ల అడుగున అక్కడక్కడా కనిపించే చిన్న రబ్బరు దిమ్మలు ఆ గీతే. టైరు అరిగి వాటితో సమానమైతే అది ఏ చక్రానికీ పనికిరాదు. నన్నడిగితే 3 మిల్లీమీటర్ల దగ్గరే, వానలకు ముందే మార్చుకోవాలి.

ఖర్చు కోణం కూడా ఉంది. ప్రతిసారీ కొత్తవి ముందే వేస్తూ పోతే వెనక టైర్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. గాడి ఉంటుంది గానీ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. వెనకవాటిని ముందుకు తెచ్చి వాడుకుంటే ఏ టైరూ అలా వృథా కాదు. పది వేల కిలోమీటర్లకోసారి ముందువీ వెనకవీ మార్పిస్తుంటే నాలుగూ ఇంచుమించు ఒకేసారి అరుగుతాయి. అసలీ పేచీయే రాదు. కాకపోతే కొత్తవి వెనక్కి వేయాలంటే మరో రెండు చక్రాలు ఊడదీయాలి. షాపులో రద్దీ ఉంటే అందుకు ఇష్టపడరు. అడిగి చేయించుకోవాల్సిందే.

అమెరికాలో చాలా పెద్ద టైర్ల దుకాణాలు రెండే కొంటే వెనక్కే వేస్తామని నియమం పెట్టుకున్నాయి. అవే కంపెనీల టైర్లు ఇక్కడా అమ్ముతున్నారు. సలహా మాత్రం ఇంగ్లిషులో అచ్చేసిన పుస్తకాల్లో ఉండిపోయింది. నిర్ణయమేమో జాకీ దగ్గర నిలబడ్డ కుర్రాడి చేతిలో ఉంది. డీలరుకు సైన్‌బోర్డులూ క్యాలెండర్లూ ఇచ్చే కంపెనీలు 'రెండు కొత్త టైర్లు కొంటే వెనక్కి' అని తెలుగులో ఒక బోర్డు రాయించి షాపులో పెట్టించలేవా? లెర్నింగ్ లైసెన్సు పరీక్షలో రవాణా శాఖ ఈ ప్రశ్న ఒకటి అడగలేదా?

వాళ్లు చేసేలోగా మీరు ఒక పని చేయండి. బండి దగ్గరికి వెళ్లి వెనక టైర్ల గాళ్లు చూడండి. ముందువాటికంటే అవి ఎక్కువ అరిగి ఉంటే వానలు పడకముందే మార్పించుకోండి.