నేలకు జానెడెత్తున

కోరుకొండ వాసులకు ఆకాశయానము వింత గాదు. ఆంగ్లేయుల కాలమున వెలసిన మధురపూడి విమానాశ్రయము సమీపముననే యున్నది. సముద్రమునందలి చమురు రిగ్గులకు రాకపోకలు సల్పు హెలికాప్టర్ల చప్పుడును, గోదావరి వరదలవేళ లంకగ్రామములపై ఆహారపు పొట్లములు జారవిడుచు హెలికాప్టర్ల ముచ్చటలును ఇచటి బాలురెరుగనివి గావు. కావున ఫాల్గుణమాసపు నరసింహస్వామి తీర్థములో పిల్లవాడు రిమోటు హెలికాప్టరు కొరకు మారాము చేయుట సహజమే. దానిని కొనియిచ్చిన పిమ్మట పెద్దలు చేయు హితబోధతోడనే నాకు పేచీ.

బొమ్మ చిన్నదైనను అందలి శాస్త్రము పెద్దది. పైపంకా యొకదిక్కునకు తిరిగినచో, న్యూటను మూడవ సూత్రము ననుసరించి, క్రిందిదేహము తద్విరుద్ధదిశకు తిరుగబోవును. దీనిని నిగ్రహించుటకై సికోర్‌స్కీ యను ఇంజనీరు 1939లో తన వీఎస్-300 హెలికాప్టరునకు తోకయందొక చిన్నపంకా నమర్చెను. రష్యాదేశపు కామోవ్ సంస్థవారు ఒకే ఇరుసుపై రెండు పంకాలను పరస్పర విరుద్ధదిశలలో త్రిప్పి ఆ కార్యమునే సాధించిరి. మన నౌకాదళము నడుపు కామోవులట్టివే. పిల్లలు నేర్చుకొను బొమ్మలును చాలవరకు ఆ వంశమువే. రెండు పంకాల వేగములందు హెచ్చుతగ్గులు కల్పించినచో ముక్కు కుడియెడమలకు తిరుగును. తోకపై వెల్లకిల పరుండిన బుల్లిపంకా తోకనెత్తి బొమ్మను ముందునకు నడుపును. పరారుణ కిరణములచే ఆజ్ఞలందుకొను రకమునకు ఎండలో చెవుడు వచ్చును గనుక దానికి గదియే ఆకాశము. అచటను సీలింగుఫ్యాను కట్టివేయక తప్పదు.

ఎగురవేయుటకన్న ఎగిరినచోట నిలుపుట కష్టము. మీట త్రోసిన క్షణమునకును బొమ్మ లేచు క్షణమునకును నడుమ రవంత జాగుండును. ఆ జాగునెరుగని చేయి, దిగుచున్నదని త్రోసి, పైకప్పు తాకునని లాగి, ప్రతిమారును గడచిపోయిన ప్రమాదమునకే మందు వేయుచుండును. అరచేతిపై కర్రను నిలబెట్టువానివలె, ఒరగకమునుపే స్వల్పముగా సవరించుట యలవడవలెను. బొమ్మ మనవైపు మొగము త్రిప్పినప్పుడు దాని కుడి మనకెడమ యగును. అందుచే తోక తనవైపునకే యుండునట్లు చూచుకొనుట తొలినాళ్ల నియమము.

ఇక పెద్దల మాట. అరుగుపైనుండి, "పైకి పోనివ్వకురా అబ్బాయ్, పగిలిపోద్ది!" అని కేక వినవచ్చును. వాత్సల్యముతో పలికిన మాటయే గాని వాయుశాస్త్రము దీనిని సమర్థింపదు. పంకాలు క్రిందికి నెట్టిన గాలి గచ్చును తాకి ప్రక్కలకు చెదరి, గోడలకు కొట్టుకొని మరలివచ్చును. జానెడెత్తున తారాడు బొమ్మ తాను పుట్టించిన ఆ కల్లోలములోనే చిక్కి తూలును. నడుమెత్తునకు లేచినచో గాలి నెమ్మదించును, తప్పును దిద్దుకొనుటకు తావును కాలమును లభించును. కనుక భయపడి నేలను విడువనివాడే పలుమారులు పడును. సికోర్‌స్కీయు తన యంత్రమును మొదట త్రాళ్లతో భూమికి గట్టియే లేపెను. అయినను 1940 మే నాటికి ఆ త్రాళ్లను విప్పివేసెను. ఆయనకు నేర్పుటకు ఆ యంత్రమును నడపెరిగిన గురువు లేడు.

మన విద్యాలయములలో న్యూటను సూత్రములు కంఠస్థమగుచున్నవి. వానిని చేతితో తడవిచూచిన బాలుడు అరుదు. ప్రతి ఉన్నత పాఠశాలయు విజ్ఞానశాస్త్రపు గదికై ఇట్టి బొమ్మ నొకదానిని కొని, అద్దాల బీరువాలో తాళము వేసి దాచక, ఎనిమిదవ తరగతి పిల్లల చేతికీయవలెనని నా మతము. విరిగిన రెక్కకు బదులు రెక్క దొరకును, వెల స్వల్పమే. కన్నులకు తగులకుండ దూరముగా నిలుచుటయు, బ్యాటరీ వేడెక్కినచో చల్లారనిచ్చుటయు ముందుగా నేర్పినచో చాలును. పిమ్మట ఉపాధ్యాయుడు చేయవలసినదెల్ల, నడుమెత్తునకు లేపుమని చెప్పి, పడినపుడు కసరకుండుటయే.