సహాధ్యాయుల సద్విమర్శ

పొగడ్త సులభము, నింద అంతకంటెను సులభము. ఈ రెంటి నడుమనున్న సద్విమర్శయే కష్టసాధ్యము. మన విద్యాలయములలో ఈ మూడవదానికి శిక్షణ మిక్కిలి తక్కువగా నున్నదని మేము తలంచుచున్నాము. నేడు పెక్కుచోట్ల విద్యార్థులు వానలెక్కలను, ఉష్ణోగ్రతలను సేకరించి, కంప్యూటరుపై పటములుగను రేఖాచిత్రములుగను దిద్దితీర్చి తరగతియెదుట ప్రదర్శించుచున్నారు. ఇది మిగుల శ్లాఘనీయమైన పని. కాని ప్రదర్శన ముగిసినంతనే తోడివారు చప్పట్లు చఱచి "బాగున్నది" అని యొక్కమాట పలుకుటయో, వెనుకబల్లలనుండి నవ్వుటయో తప్ప వేఱొండు జరుగుట అరుదు. ఈ రెండును చిత్రమును గీసిన బాలునకు గాని బాలికకు గాని ఇసుమంతయు నుపకరింపవు.

బడిలోని ఈ చిన్నమాటకు సంపాదకీయ మేల యని కొందఱు అడుగవచ్చును. వాతావరణపటము గోడకు వ్రేలాడు అలంకారము కాదు. దానిని నమ్మి రైతు విత్తును. జాలరి పడవ దింపును. అధికారి ఊరు ఖాళీచేయించును. 1977 నవంబరు 19న దివిసీమపై విఱుచుకుపడిన తుపాను సుమారు 10,000 మందిని పొట్టబెట్టుకొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఆస్తినష్టము అపారమైనను, ఆంధ్రప్రదేశమున మృతులసంఖ్య వందకు లోపుననే నిలిచినది. ముందుగా తెలియుట, తెలిసినదానిని జనులు గ్రహించునట్లు చెప్పుట, గ్రహించినవారిని సకాలమున తరలించుట ఈ భేదమునకు ముఖ్యకారణములు. నేటి విద్యార్థులలోనివారే రేపు ఆ పటములను గీయువారు. వానిని చూచి నిర్ణయము చేయువారును వారే. ఆ చూపు బడిలోనే అలవడవలదా?

విమర్శకు ముందు పరిజ్ఞానము వలయును. వానను స్తంభములుగా చూపునపుడు అవి సున్నయొద్దనే మొదలుకావలయును. 80 మిల్లీమీటర్ల వానను, 100 మిల్లీమీటర్ల వానను 70 నుండి మొదలిడి గీసినచో, మొదటిది రెండవదానిలో మూడవవంతు మాత్రమే యున్నట్లు కన్పట్టును. అంకెలు నిజమే, చిత్రము అబద్ధము. అయితే ఈ సూత్రమునే ఉష్ణోగ్రతల గీతకు తగిలించుట తగదు. సెల్సియసు సున్న నీరు గడ్డకట్టు గుర్తే కాని, వేడిమి బొత్తిగా లేదని తెలుపు సున్న కాదు. అచ్చట పట్టుపట్టి సున్ననుండి గీయించినచో, 38 డిగ్రీలకును 43 డిగ్రీలకును గల ప్రాణాంతకమైన తారతమ్యము కంటికి ఆనదు. సూత్రమును వల్లించుట విమర్శ కాదు. దాని హేతువును గుర్తెఱుగుట విమర్శ.

వాన కురియని దినము వేఱు; వానను కొలువని దినము వేఱు. కొలిచెడివారు రాని ఆదివారమున సున్న వేసినయెడల లేని కఱవును సృష్టించినట్లే యగును. ఆ చోటు ఖాళీగా విడిచి, ఖాళీయని చెప్పవలయును. మఱియొకటి: భారత వాతావరణశాఖ యొక దినపు వానను ఉదయము 8.30 గంటలతో ముగియు 24 గంటలకు లెక్కించును. జూలై 1 సాయంకాలము కురిసిన వాన 2వ తేదీ పద్దులోనికి వచ్చును. ఈ సంగతి నెఱుగని సహాధ్యాయి "నీ తేదీ తప్పు" అని గద్దించుటకు ముందు, "ఈ దినము ఎప్పుడు మొదలైనది?" అని యడిగిన నెంత బాగుండును! అట్లే సగటునకు 19 శాతమువరకు హెచ్చైనను తగ్గైనను ఆ శాఖ దానిని సాధారణ వర్షపాతముగనే పరిగణించును. 15 శాతము తగ్గిన జిల్లాకు ఎఱ్ఱరంగు పూసి కఱవని చాటిన పటమును చూచి మౌనము వహించుట స్నేహము కాదు. ఎఱుపునకును ఆకుపచ్చకును భేదము తెలియని చూపుగలవారు కొందఱుందురనియు, వారికి ఆ రెండు రంగుల పటము అయోమయమనియు మిత్రునకు చెప్పుటయు సహాధ్యాయుల ధర్మమే.

స్వాతంత్ర్యము సిద్ధించిన మఱుసటి యేడు, 1948లో, పుణెలో వాతావరణశాఖయందు చేరిన అన్నామణి సుమారు నూఱు పరికరముల నమూనాపటములను ప్రమాణీకరించి, అవి మనదేశముననే తయారగుటకు పాటుపడెను. కొలతయందు ఆమె చూపిన నిష్కర్షను, కొలతను చిత్రించుటయందు నేటి బాలబాలికలు చూపవలదా?

ఇక చెప్పు తీరు. మొదట తనకు ఆ చిత్రమువలన ఏమి బోధపడినదో చెప్పవలయును. గీసినవారు ఉద్దేశించినది యొకటి, చూచినవారు గ్రహించినది మఱొకటి యైనచో, దోష మెచ్చటనున్నదో అంతటనే బయటపడును. పిమ్మట దోషమును చోటుతో, కారణముతో, దిద్దుబాటుమార్గముతో చెప్పవలయును. "రంగులు బాగులేవు" అనుట విసుగు. "లేతనీలము కొద్దివానకును ముదురునీలము పెద్దవానకును వాడినచో చూచినంతనే తెలియును" అనుట సాయము. పది లోపములున్నను పెద్దదానిని ముందు చెప్పవలయును. మాట చిత్రముపై నిలువవలయును గాని, గీసినవారి కులముపైకి, ఊరిపైకి, మార్కులపైకి ప్రాకరాదు.

ఈ సంప్రదాయము మనకు క్రొత్త కాదు. అష్టావధానమున నిషిద్ధాక్షరి నడపు పృచ్ఛకుడు అడుగడుగున అక్షరమును నిషేధించును. అయినను అతడు అవధానికి శత్రువు కాడు. ఆ నిర్బంధమువలననే పద్యము రాణించును. అంత్యనిష్ఠూరముకన్న ఆదినిష్ఠూరము మేలని మన పెద్దలు ఊరక చెప్పలేదు. తరగతిలో మిత్రుడు నేడు చెప్పని తప్పును రేపు లోకము చెప్పును. లోకమునకు అంత దయ యుండదు.

వినువారికిని ధర్మము గలదు. మాట ముగియకముందే సమర్థించుకొనుట తగదు. విని, వ్రాసికొని, ఆలోచించి, తగినదానిని గ్రహింపవలయును. తగనిదానిని హేతువు చూపి విడువవలయును. విమర్శకు లోబడుట బానిసత్వము కాదు. హేతువునకు లోబడుట పౌరుషమునకు లోటు కాదు.

ఉపాధ్యాయులకు మా విన్నప మొక్కటి. ప్రదర్శనదినముననే మార్కులు వేసి పుస్తకము మూయకుడు. విమర్శకు ఒక దినమును, దిద్దుబాటునకు మఱొక వారమును ఇండు. మంచి చిత్రమునకు వలెనే మంచి విమర్శకును మార్కు లిండు. నిర్భయముగ తప్పు చెప్పగల నోరును, నిర్మత్సరముగ వినగల చెవియు గల విద్యార్థులను తయారుచేసిన బడి, ఎన్ని బహుమతులు గెలిచిన బడికంటెను దేశమునకు ఎక్కువ మేలు చేసినదని మా దృఢవిశ్వాసము.