పాలగిన్నె అరుగు మీద ఉందా?

"కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే నన్ను తీసుకుపో తండ్రీ" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దేవుడికి దణ్ణం పెట్టుకోని రోజుండదు. వినీ వినీ మనకి అలవాటైపోయింది. ఆ మాట వెనక ఉన్న దిగులు ఏమిటో మాత్రం నాకు మా అత్తయ్యగారి దగ్గరే తెలిసొచ్చింది.

2021లో మామగారు పోయాక, తెనాలి దగ్గర పల్లెలో ఆవిడ ఒక్కరే ఎందుకని హైదరాబాదు తెచ్చుకున్నాం. అప్పటికి ఆవిడకి 72 ఏళ్ళు. షుగరు వచ్చి 18 ఏళ్ళు. మోకాళ్ళ అరుగుదల సరేసరి.

2022 తొలి ఏకాదశి నాడు ఉపవాసం ఉన్నట్టు నాతో చెప్పలేదు. షుగరు మాత్ర మాత్రం ఎప్పట్లాగే వేసేసుకున్నారు. పదకొండింటికి చూద్దును గదా, పూజగదిలో గోడకి చేరగిలబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు, అడిగినదానికి పొంతన లేని జవాబులు. మీటరు పెట్టి చూస్తే 52! మింగగలిగే స్థితిలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగిస్తే పావుగంటకి తేరుకున్నారు.

ఆ రోజు నుంచీ నేను పోలీసునైపోయాను. మాత్రల డబ్బా నా బీరువాలోకి వెళ్ళింది. కూర తరగబోతే "చెయ్యి తెగితే మానదు" అని కత్తిపీట లాక్కున్నాను. మెట్లు దిగొద్దన్నాను. స్నానానికి నీళ్ళు నేనే తోడాను. మూడు నెలలు తిరిగేసరికి షుగరు అంకెలు బాగానే ఉన్నాయి గానీ, ఆవిడ మంచం దిగడమే తగ్గిపోయింది. కుర్చీలోంచి లేవాలన్నా చెయ్యి అందించాల్సొచ్చేది. ఓ సాయంత్రం మెల్లిగా అన్నారు: "అమ్మాయీ, నన్ను బాగా చూసుకుంటున్నావు, కాదనను. కానీ ఇక్కడ నేను చుట్టాన్నైపోయాను. చుట్టం ఎన్నాళ్ళుంటుంది? నన్ను మా ఇంటికి పంపించెయ్యి."

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "నలుగురూ ఏమనుకుంటారు?" అని మావారు. ఫోనులో మా ఆడపడుచు ఏడుపు. నాకేమో కోపం. ఇంత చేస్తే చివరికి ఇదా అని!

చివరికి డాక్టరుగారే దారి చెప్పారు. "పని మానేస్తే తొడ కండలు తగ్గిపోతాయమ్మా. అక్కడ బలం లేకపోతే మోకాళ్ళ బాధ ఇంకా ఎక్కువవుతుంది. ఒక్కరే ఉంటే ఏమేం ప్రమాదాలున్నాయో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ సర్దుకుంటూ రండి" అన్నారు. అలాగే చేశాం. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మాత్రలు: వారానికి ఏడు అరలున్న డబ్బా కొన్నాం. ఆదివారం ఆవిడే నింపుకుంటారు. కొన్ని షుగరు మాత్రలు తిండి తినకపోయినా షుగరుని దింపేస్తాయి. ఉపవాసం నాడు, జ్వరం వచ్చి తినలేని నాడు ఏది వేసుకోవాలో, ఏది మానాలో డాక్టరుని ముందే అడిగి పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాం.

పంచదార: మంచం పక్కన ఒక డబ్బా, వంటింట్లో ఒకటి, చేతిసంచిలో గ్లూకోజు పొట్లం. 70 కంటే తగ్గితే మూడు చెంచాలు వేసుకుని, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. పెరక్కపోతే ఇంకోసారి. తేరుకున్నాక ఏదో ఒకటి తినాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, వెంటనే 108కి ఫోను చెయ్యాలి. ఈ సంగతి ఇరుగుపొరుగు వాళ్ళకీ చెప్పి ఉంచాం.

పాదాలు: షుగరు పాతబడితే పాదాలకి స్పర్శ తగ్గుతుంది, ముల్లు గుచ్చుకున్నా తెలీదు. రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకుంటారు. ఇంట్లో కూడా చెప్పులే. వేణ్ణీళ్ళ కాపడాలు బంద్.

మోకాళ్ళు: కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకి చాపి, అయిదు లెక్కపెట్టి దించాలి. కాలికి పదిసార్లు. దొడ్డికి కమోడు కుర్చీ, పక్క గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించాం.

స్నానాలగది: రబ్బరు పట్టా, కూర్చుని పోసుకోడానికి ప్లాస్టిక్ కుర్చీ, రాత్రంతా చిన్న బల్బు. లోపలి గడియ తీయించేశాం.

వంటిల్లు: అటక మీదవీ, కింది అరలవీ నడుమెత్తుకి చేర్చాం. పెద్ద కుక్కరు నేను తెచ్చేసుకుని చిన్నది ఇచ్చాను. కత్తిపీట బదులు బల్ల మీద చాకు.

అన్నిటికంటే ముఖ్యమైనది పాలగిన్నె. పొద్దున్న ఆరింటికల్లా అత్తయ్యగారు వీధి తలుపు తీసి, గిన్నె అరుగు మీద పెట్టాలి. ఆరున్నరకి అది కనపడకపోతే ఎదురింటి పిన్నిగారు తలుపు తట్టాలి. పలక్కపోతే తియ్యడానికి రెండో తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది.

2023 సంక్రాంతికి ముందు వెళ్ళారు. 2024 వానాకాలంలో ఒకరోజు గిన్నె కనపడలేదు. పిన్నిగారు తలుపు తీసి చూస్తే జ్వరంతో లేవలేకుండా ఉన్నారట. ఆస్పత్రిలో నాలుగు రోజులుంటే తగ్గింది. "ఇప్పటికైనా వచ్చెయ్యండి అత్తయ్యా" అన్నాను. "తలుపు తీశారుగా, ఇంకేం భయం?" అనేశారు!

భయం నాకుంది. "గిన్నె ఉందమ్మా" అని పిన్నిగారు ఫోను చేసేదాకా నాకు కాఫీ గొంతు దిగదు. రేపు చూపు తగ్గినా, మతిమరుపు వచ్చినా ఈ ఏర్పాట్లు చాలవని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు వస్తే మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలని ఒప్పుకున్నాం. ఈలోగా ఆవిడ కూర ఆవిడే వండుకుంటున్నారు. కుర్చీలోంచి చెయ్యి పట్టుకోకుండా లేస్తున్నారు. పోయిన నెల వెళ్తే నాకు గోంగూర పచ్చడి చేసి పెట్టి, "కూర్చో, నువ్వు చుట్టానివి" అని నవ్వారు.

మీ ఇంట్లో పెద్దావిడ చేతిలోంచి మీరు ప్రేమకొద్దీ లాక్కున్న పని ఏదైనా ఉందేమో చూడండి. చిక్కుడుకాయల ఈనెలు తియ్యడమే కావచ్చు, తన మాత్రలు తను వేసుకోవడమే కావచ్చు. ఈ వారం ఆ ఒక్క పనీ తిరిగి ఇచ్చి చూడండి. పక్కన ఉండండి, చెయ్యి మాత్రం పెట్టకండి. ఏమైందో నాకు రాస్తారు కదూ?