అవ్వ సంతకం చెల్లాలి

బడులు తెరిచే జూన్‌లో రాయలసీమలోనో, కోనసీమలోనో, ఉత్తర తెలంగాణలోనో హెడ్మాస్టరు గదిలో కాసేపు కూర్చుంటే చాలు, ఇది కళ్లబడుతుంది. ఒక పెద్దామె ప్లాస్టిక్ కవరు విప్పి కాగితాలు బల్ల మీద పరుస్తుంది. ఆమె రేషన్ కార్డులో మనవరాలి పేరు లేదు. మనవరాలి ఆధార్‌లో ఉన్నది హైదరాబాద్ చిరునామా. అదేమో కూతురూ అల్లుడూ ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె గది. కూతురు ఇంటిపనికి కువైట్ వెళ్లింది. అల్లుడి ఫోను కలవదు. ‘తల్లో తండ్రో రావాలవ్వా. లేదంటే నువ్వే గార్డియన్‌వని కోర్టు కాగితమన్నా తీసుకురా’ అని తిప్పి పంపుతారు. పిల్ల ఆ ఊళ్లో ఉంటోందా లేదా అన్నది పక్కింట్లో అడిగితే నిమిషంలో తేలే సంగతి.

ఇలా తిప్పి పంపడం నిబంధన కాదు, నిబంధనను తుంగలో తొక్కడం. దీన్ని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ స్పష్టమైన ఉత్తర్వుతో ఆపించాలి.

2009 నాటి విద్యాహక్కు చట్టం రెండో సెక్షన్‌లోనే సంరక్షకులెవరో తేల్చి చెప్పింది. బిడ్డ ఆలనాపాలనా ఎవరి చేతుల్లో ఉంటే వారే సంరక్షకులు. కోర్టు నియమించినవారు కూడా ఆ కోవలోకి వస్తారంది తప్ప, వారు మాత్రమే అనలేదు. వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతోంది. ఒక సర్కారు బడి నుంచి మరో దానికి మారినప్పుడు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండరాదని 5వ సెక్షన్ అంటోంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే పూచీ 9వ సెక్షన్ కింద స్థానిక సంస్థలదే. బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఇక నివాసం మాటకొస్తే, కిలోమీటరులోపు ప్రాథమిక పాఠశాల ఉండాలన్న నియమం ప్రభుత్వం నెత్తిన పెట్టిన బరువు. ఆ బరువును తీసుకొచ్చి పిల్ల నెత్తిన పెట్టి ‘నువ్వీ ఊరిదానివేనని రుజువు చేసుకో’ అంటున్నాం.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారిని ఒక్కణ్నే అనడమూ న్యాయం కాదు. హెడ్మాస్టరు ముందున్న కంప్యూటర్‌లో తల్లి ఆధార్, తండ్రి ఆధార్, అపార్ గుర్తింపు సంఖ్యకు సమ్మతి సంతకం అంటూ గళ్లు వరుస కట్టి ఉంటాయి. గడి ఖాళీగా ఉంటే రేపు పైనుంచి సంజాయిషీ అడుగుతారన్న భయం ఆయనది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే వీటికి డబ్బు కూడా ముడిపడింది. తల్లికి వందనం కింద ఏడాదికి 15,000 రూపాయలు, అందులో బడి నిర్వహణకు 2,000 పోగా మిగిలింది తల్లి ఖాతాకు చేరాలి. సచివాలయం లెక్కల్లో పిల్ల ఒక ఇంట్లో, పెంచే అవ్వ మరో ఇంట్లో ఉంటే చిక్కే. ఆ చిక్కు విప్పాల్సిందే, కాదనం. కానీ పథకం సొమ్ము ఎవరి ఖాతాలో పడాలన్న పంచాయితీ తేలేదాకా పిల్ల గేటు బయట ఎందుకుండాలి? ముందు తరగతిలో కూర్చోనివ్వండి.

కోర్టు కాగితం తెమ్మనడంలో మరో క్రూరత్వం ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి. వకీలు ఫీజు, నోటీసులు, వాయిదాలు తప్పవు. ఖర్చు అలా ఉంచితే, ఆ తల్లి బిడ్డను వదిలేసి వెళ్లలేదు. బిడ్డ కోసమే వెళ్లింది, నెలనెలా డబ్బు పంపుతోంది. మనవరాలికి సంరక్షకురాలిని నేనని కోర్టుకెక్కితే, ఆ అవ్వ కూతురికి నోటీసు పంపించినట్టవుతుంది. కలిసున్న కుటుంబాన్ని కాగితం కోసం కక్షిదారులుగా చీల్చమని చెప్పే హక్కు బడికి ఎవరిచ్చారు?

ఇంతకంటే సులువైన దారి లేకపోలేదు. నివాసం పట్ల మనకంటే పట్టుదల ఎక్కువున్న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం 1994లోనే దీన్ని ఒక ప్రమాణపత్రంతో తేల్చేసింది. బిడ్డ నా ఇంట్లో ఉంటోందని పెంచే పెద్దవారు రాసి సంతకం చేస్తే బడి చేర్చుకోవాలి. కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. అబద్ధం రాస్తే శిక్ష ఉంది. బిడ్డ అక్కడ ఉండటం లేదని తేలితే ప్రవేశం కాదనవచ్చు గానీ, అది తేల్చుకోవాల్సింది అక్కడి స్థానిక బడుల యంత్రాంగమే.

దొంగ చిరునామాలు పుట్టుకొస్తాయన్న అభ్యంతరం రావచ్చు. ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్ల దగ్గర ఆ బెడద నిజమే, ఎందుకంటే అక్కడ ఇంటికీ బడికీ ఉన్న దూరాన్ని బట్టే సీటు. అయితే దొంగ అద్దె ఒప్పందం పుట్టించగలిగేది డబ్బున్నవాడే గానీ, సొంత రేషన్ కార్డు తప్ప మరోటి లేని అవ్వ కాదు. అనుమానముంటే ఇంటికెళ్లి చూడండి. పల్లెలోని సర్కారు బడికి అసలా బెంగే అక్కర్లేదు. పిల్లలు చాలక మూతపడుతున్న బడుల్లోకి దొంగదారిన ఎవరు దూరతారు? తెలంగాణలో బడిబాట పేరిట పంతుళ్లు ఇంటింటికీ తిరిగి పిల్లలను పిలుస్తున్నారు. వెతుక్కుంటూ వచ్చిన పిల్లను కాగితం లేదని పంపేస్తే ఆ తిరుగుడంతా దేనికి?

ఉత్తర్వులో ఉండాల్సింది పెద్ద జాబితా కాదు. పెంచేవారి ఒక పేజీ స్వీయ ప్రకటన చాలు. అవ్వ, తాత, మేనమామ, పెద్దమ్మ, చివరికి పొరుగింటావిడ అయినా సరే. అది అందిన రోజే ప్రవేశం ఇవ్వాలి. ఆన్‌లైన్ ఫారాల్లో తల్లి, తండ్రి గళ్ల పక్కనే ‘పెంచుతున్నవారు’ అన్న గడి తెరవాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎంఈఓ వారంలో తేల్చాలి. ఇంకో మెలిక కూడా ఉంది. విద్యాహక్కు చట్టం రక్ష 6 నుంచి 14 ఏళ్ల వరకే. తొమ్మిదికో పదికో వచ్చేసరికి చాలామంది ఆ గీత దాటేస్తారు. బడి మానేసే ప్రమాదం ఎక్కువున్న వయసూ అదే. కేంద్రం చట్టం సవరించేదాకా ఆగకుండా, ఇదే వెసులుబాటు పదో తరగతిదాకా వర్తిస్తుందని రాష్ట్రాలు ఆ ఉత్తర్వులోనే రాయాలి. వేసవి సెలవులు ముగిసేలోగా ఆ ఫారం తెలుగులో అచ్చయి ప్రతి బడికీ చేరాలి.