ఎండకి సెన్సర్ కూడా అబద్ధం చెప్తుంది

మే నెల మధ్యాహ్నం మా ఆదోనిలో పది నిమిషాలు వీడియో తీస్తే చాలు, ఫోన్ కాలిపోతుంది. అప్పుడే కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, ఐఎస్ఓ ఫుల్‌గా పెంచి, లెన్స్‌ని నల్లగుడ్డతో మూసి ఒక ఫొటో కొట్టండి. మొత్తం నల్లగా రావాలి కదా? జూమ్ చేస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. తెల్లారుజామున ఫోన్ చల్లగా ఉన్నప్పుడు ఇదే పని చేస్తే చుక్కలు తగ్గుతాయి. లోపలికి వెలుగేమీ పోలేదు. వేడికి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు కదిలితే, సెన్సర్ దాన్నే వెలుగు అనుకుంటుంది.

మనకైతే ఒక ఫొటో పాడవుతుంది, అంతే. ఫిజిక్స్ వాళ్లకి ఇది పెద్ద తలనొప్పి.

మదురైలో టీఐఎఫ్ఆర్ శాస్త్రవేత్తలది మినీ-ఐకాల్ అనే 85 టన్నుల డిటెక్టర్ ఉంది. ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్ కణాలని కనిపెట్టడానికి దానికి ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలతో ఒక కవచం రూపొందించారు. మ్యూయాన్ దూసుకుపోతే పలక లోపల చిన్న మెరుపు వస్తుంది. దాన్ని పట్టేది సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ అనే బుల్లి చిప్. ఒక్క ఫోటాన్ పడినా పసిగడుతుంది. అంత సున్నితం కాబట్టే వేడికి తొందరగా మోసపోతుంది. సుమారు ప్రతి 10 డిగ్రీలకి దొంగ సిగ్నళ్లు రెట్టింపు అవుతాయి.

ఇంకో తిరకాసు వోల్టేజీది. ఈ చిప్ పనిచేయడం మొదలుపెట్టే వోల్టేజీ, బాగా వాడే ఒక రకంలో, డిగ్రీకి 54 మిల్లీవోల్టుల చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీలు వేడెక్కితే ఒక వోల్టు పైనే. మనం ఆ గీత మీద ఇచ్చేది 3 వోల్టులే అనుకోండి, మూడో వంతు బలం పోయినట్టే. అదే మ్యూయాన్, కానీ నీరసంగా కనిపిస్తుంది.

ఆదోని మార్కెట్ యార్డులో తేమ చూడకుండా పత్తికి రేటు కట్టరు. గాలి పొడిబారితే పోగులు తెగుతాయని ఎమ్మిగనూరు నేతన్నకి తెలుసు. ఫిజిక్స్ వాళ్లదీ అదే తెలివి. ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాస్తారు, దానికి తగ్గట్టు వోల్టేజీ సరిచేస్తారు. పైగా ఒక్క సాక్షిని నమ్మరు. పలకకి రెండు చివర్లా సెన్సర్లు పెట్టి, రెండూ ఒకేసారి చెప్తేనే లెక్కలోకి తీసుకుంటారు. వేడికి పుట్టే అబద్ధాలు దేనివి దానివే, అవి కలిసి రావడం అరుదు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ కోలార్ బంగారు గనులది. 1965లో అక్కడ 2.3 కిలోమీటర్ల లోతున వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. ప్రపంచంలో మొదట దొరికిన చోట్లలో అదొకటి. అప్పుడు చిప్పులు లేవు, గాజు గొట్టాల ఫొటోమల్టిప్లయర్లే. ఎదురెదురుగా రెండు సింటిలేటర్ గోడలు కట్టి, రెండూ కలిసి సాక్ష్యం చెప్తేనే నమ్మారు. మొదట్లో దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అందులో ఒక్కటి దొంగదైనా పరువు పోయేది!

మనకి మంచి ల్యాబ్ లేదని బాధపడే డిగ్రీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చలికాలం పొద్దుటి నుంచి 40 దాటే ఎండ దాకా మన ఊళ్లో ఫ్రీగా దొరుకుతుంది. చుక్కలు లెక్కపెట్టండి, పక్కన టెంపరేచర్ రాయండి, గ్రాఫ్ గీయండి. సెన్సర్ ఎప్పుడు అబద్ధమాడుతుందో తెలిస్తేనే అది చెప్పే నిజానికి విలువ.