రావి నారాయణరెడ్డి ఎవరివాడు?

రావి నారాయణరెడ్డి పేరు తీస్తే ఎర్రజెండా మిత్రులు సాయుధ పోరాటం గురించి గంటసేపు మాట్లాడుతారు, విశాలాంధ్ర ఊసెత్తరు. మన ఉద్యమంలో కొందరేమో ఆ ఒక్క ఊసుతోనే ఆయనను కొట్టిపారేస్తారు. ఈ రెండూ మాకు సమ్మతం కాదు.

1908లో భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టిన మనిషి. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం తొలి జట్టులో జైలుకు పోయారు. మరుసటి ఏడే కమ్యూనిస్టు అయ్యారు. 1941లో చిలుకూరులో ఆంధ్ర మహాసభ అధ్యక్షుడు, 1944లో సొంతగడ్డ భువనగిరిలో మళ్లీ ఆయనే. అక్కడ మితవాదులు వేరుపడ్డారు. సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. వకీళ్ల సభ కాస్తా జీతగాళ్లు, వెట్టివాళ్లు తమదనుకునే 'సంఘం' అయింది. దొరల గడీలకు వణుకు పుట్టింది అప్పుడే.

1947 సెప్టెంబర్ 11న బద్దం ఎల్లారెడ్డి, మగ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపిచ్చింది ఈయనే. నిజాం లొంగిపోయాక, ఇక తుపాకి దించుదామన్నదీ ఈయనే. సొంత పార్టీ వినలేదు. పైగా నిందలేసింది. చివరికి 1951 అక్టోబర్ 21న విరమించారు. ఈ మధ్య మూడేళ్లలో మిలిటరీ క్యాంపుల పాలైన పల్లెల లెక్క ఎవరు చెప్పాలి?

1952లో నల్లగొండ ఆయనకు 3 లక్షలకు పైగా ఓట్లేసి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపింది. పార్టీపై నిషేధం ఉన్నందున పీడీఎఫ్ పేరున నిలబడ్డారు. అది ద్విసభ్య నియోజకవర్గం, ఓటరుకు రెండు ఓట్లు అని గుర్తుచేసేవాళ్లున్నారు. నిజమే. అయితే మాత్రం, జనం ఆయనను నమ్మలేదంటారా?

ఆ నమ్మకాన్నే ఆయన, ఆయన పార్టీ విశాలాంధ్ర బుట్టలో వేశారు. 1955లో ఫజల్ అలీ కమిషన్ హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచాలన్నది. 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండువంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలన్నది. అంతవరకు ఆగి జనాన్ని అడిగితే పోయేదేముంది? భాష ఒక్కటైతే దొరతనం కూలుతుందని వారు నమ్మారు. 1956 నవంబర్ 1 తర్వాత ఏం జరిగిందో పాలమూరును అడగండి. 87,500 ఎకరాలు తడపాల్సిన రాజోలిబండ కాలువ నీళ్లు చివరి పొలాలకు చేరలేదు. కృష్ణ ఒడ్డున ఉండి నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగింది.

ఆయన 1991లో కన్నుమూశారు, రాష్ట్రం 2014లో వచ్చింది. ఈ రాష్ట్రం పాఠ్యపుస్తకాల్లో ఆయన పాఠం రాసేవాళ్లను మేం అడిగేది ఒక్కటే. 1944, 1952 రాసిన చేత్తోనే 1956 కూడా రాయండి. తన పార్టీకే ఎదురుచెప్పిన 1948ని అసలు వదలకండి.